నర్సమ్మ దయను ఎవరు మింగారు?

"ఆ నర్సమ్మ ఒకప్పటి మనిషి కాదు, ఏదడిగినా కసురుతోంది." మా గూడేల్లో ఈ మాట తరచుగా వింటున్నాం. నిజమే, మేమూ కసుర్లు తిన్నాం. పోయిన వానాకాలం, నొప్పులతో డోలీలో బయల్దేరిన మా ఆడమనిషి గెడ్డ దగ్గరే ప్రాణం విడిచిందని చెబితే, ఆమె తల కూడా ఎత్తలేదు. రిజిస్టరు తెరిచి "ఏ టైముకి?" అంది.

ఆ మాటకు మా కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. కానీ ఆమె మీద మండితే సరిపోతుందా?

పరాయి బాధ చూసి చూసి మనసు మొద్దుబారడానికి పట్నం వాళ్లు 'కరుణ అలసట' అని పేరు పెట్టారు. ధ్యానం చేయమంటారు, శిక్షణకు పిలుస్తారు. ఆ రోజు రాయాల్సిన రిజిస్టర్లు మాత్రం ఆమే రాత్రి కూర్చుని రాసుకోవాలి!

మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, కొండల్లో 3,000 మందికే ఒకటి అని నిబంధన. కాగితం మీద మనకే మేలు. కానీ ఆ 5,000 మంది రోడ్డు పక్కన ఉంటారు. మన 3,000 మంది ఎన్ని కొండల మీద ఉన్నారో ఎవరు లెక్కపెట్టారు? టీకాల పెట్టె మోసుకుని ఆమె ఎక్కేసరికి జనం పోడుకు పోయి ఉంటారు. బిడ్డ చనిపోతే విచారణలో నిలబడేది ఆమె. రోడ్డు వేయనివాళ్లు, ఖాళీ పోస్టు నింపనివాళ్లు అక్కడే కుర్చీల్లో కూర్చుని ప్రశ్నలు వేస్తారు.

ఆశా అక్కల సంగతి ఇంకా అన్యాయం. 2005లో పథకం మొదలైనప్పటి నుంచీ వాళ్లను 'స్వచ్ఛంద' కార్యకర్తలనే అంటున్నారు. వాళ్లు మనవాళ్లే. పోయిన బాలింత ఆమెకు వదినో చెల్లెలో అవుతుంది. ఏ ఫారంలో ఆమె ఏడుపుకు గడి ఉంది?

భాష సంగతీ చెప్పాలి. కువి మాట్లాడే తల్లికి తెలుగు నర్సు మాట అందదు, అందకపోతే గొంతు పెరుగుతుంది. మాస్టార్లూ, బడిలో ఇది మనం చూడనిదా?

టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేస్తే రోడ్డెక్కాం. నర్సు పోస్టుల కోసం అంత గట్టిగా ఎప్పుడైనా అడిగామా? ఇంటర్ చదివే మన ఆడపిల్లలకు నర్సింగు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పేవాళ్లు గూడెంలో ఎందరున్నారు? వచ్చే గ్రామసభలో నర్సమ్మ మీద ఫిర్యాదు రాసే ముందు, ఆమె పక్కన ఇంకో మనిషి కావాలని తీర్మానం రాయండి. చావు చూసిన మర్నాడు ఆమెకు సెలవు ఇవ్వాలని కూడా అందులోనే చేర్చండి.