వీధిగుమ్మం

2025లో సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖభాగాన్ని పడగొట్టేశారు. బోయిన్‌పల్లి నుంచి ఆటోలో వెళ్ళి చూసొచ్చి నేను కళ్ళు తుడుచుకుంటుంటే, "జనం పెరిగారు, స్టేషన్ ఇరుకైంది. దానికీ ఏడుపేనా?" అన్నారు మావారు.

ఇల్లు ఇరుకైతే వెనక గదులు వేసుకుంటాం. అత్తగారినాటి వీధిగుమ్మం పీకేస్తామా, మీరే చెప్పండి!

బొంబాయిలో 1888లో పూర్తయిన విక్టోరియా టెర్మినస్ లేదూ? పేరు మారినా, బ్యాంకులూ ఆఫీసుల నడుమ రోజూ లక్షలమందిని మోస్తూ నిలబడే ఉంది. 2004లో యునెస్కో వారసత్వ జాబితాకీ ఎక్కింది. ఇరుకు దానికి లేదా?

లిఫ్టులు పెట్టండి, ప్లాట్‌ఫారాలు పెంచండి, సంతోషం. కొత్తకోడలిగా రైలు దిగిన నాకు ఈ ఊరు మొదట చూపించిన ముఖం మాత్రం ఆ కమానులే. అవెలాగూ పోయాయి. 1916నాటి కాచిగూడ స్టేషన్ జోలికైనా రాకండి బాబూ!