ఒడ్డున మాల్ కడితే వన్‌టౌన్ బతుకుతుందా?

విశాఖపట్నం గురించి దాదాపు అందరూ ఒప్పేసుకున్న మాట ఒకటుంది. వన్‌టౌన్ అనే పాత ఊరి పని అయిపోయింది, అక్కడి కురుపాం మార్కెట్‌కూ పూర్ణా మార్కెట్‌కూ కాలం చెల్లింది, సముద్రం ఒడ్డున ప్రపంచస్థాయి మాల్ వస్తే తప్ప నగరానికి కళ రాదు అని. పార్టీలు వేరైనా ఈ నమ్మకం ఒక్కటే. హార్బర్ పార్క్ దగ్గర లులు సంస్థ ప్రాజెక్టుకు 2018లో శంకుస్థాపన జరిగింది. 2019లో దాన్ని రద్దు చేసిన తర్వాతి ప్రభుత్వం కూడా, 2023 ఆగస్టులో పోర్టు భూమిలో ఇనార్బిట్ మాల్‌కు పునాదిరాయి వేసింది. 2025లో లులు మళ్లీ వచ్చింది. పదమూడెకరాల పైచిలుకు భూమి, 99 ఏళ్ల లీజు. ఏ మాల్, ఎవరి హయాంలో అన్నదాని మీద కొట్లాట జరిగింది గానీ, అసలు ఒడ్డున మాల్ ఎందుకన్న ప్రశ్న పక్కకు పోయింది.

ఆ ప్రశ్న అడగాలి. ఎందుకంటే వన్‌టౌన్ క్షీణించింది మాల్ లేక కాదు.

ఆ ఊరు ఎలా పెరిగిందో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. రేవు కట్టకముందే అది వ్యాపారపు ఊరు. ఓడలు దూరంగా లంగరు వేసి నిలిచేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. 1933లో కొత్త రేవులోకి జలదుర్గ ఓడ వచ్చేనాటికే కోటవీధి, మెయిన్ రోడ్డు, బొబ్బిలి రాజా విరాళంతో 1904లో కట్టిన టౌన్‌హాలు అక్కడున్నాయి. ఒక కొండ మీద వెంకన్న గుడి, ఒక కొండ మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. కొండల కింద బంగారం, వెండి, ఇత్తడి, కూరగాయలు, పచారీ సరుకులు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఆ సందుల్లోనే కాపురం ఉండేవాళ్లు. బజారు నిలబడింది ఆ కాపురాల మీద.

ఆ కాపురాలు ఎందుకు లేచిపోయాయి? వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన ఏ ఇల్లాలిని అడిగినా మొదట చెప్పేది మసి గురించే. రేవులో గుట్టలుగా పోసిన బొగ్గు, ఇనుప ఖనిజం పొడి గాలికి లేచి డాబాల మీద, ఆరేసిన బట్టల మీద, పిల్లల ఊపిరితిత్తుల్లో పేరుకుంది. దశాబ్దాలుగా ఉన్న ఫిర్యాదు ఇది. కాస్త స్థోమత ఉన్నవాళ్లు మహారాణిపేటకు, ద్వారకానగర్‌కు, ఎంవీపీ కాలనీకి, ఆ తర్వాత మధురవాడకు తరలిపోయారు. వాళ్ల వెంట బట్టల షాపులు, డాక్టర్లు, హోటళ్లు వెళ్లాయి. కొనుగోలుదారు మకాం మార్చాడు కాబట్టి కొట్టు వెలవెలబోయింది. జబ్బు గాలిలో ఉంటే మందు ఏసీ హాలులో వెతుకుతున్నారు.

మాల్ కావాలనేవాళ్లు విదేశీ రేవు నగరాల పేర్లు చెబుతారు. చెప్పాల్సిందే, కాకపోతే కథ సగంలో ఆపకూడదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1980లో ఒడ్డున హార్బర్‌ప్లేస్ తెరిచారు. మొదటి ఏడాది కోటీ ఎనభై లక్షల మంది వచ్చారన్నారు. ప్రపంచంలోని రేవు నగరాలన్నీ దాన్ని చూసి నేర్చుకోవాలన్నారు. అదే హార్బర్‌ప్లేస్ దుకాణాలు ఖాళీ అయి, 2019లో కోర్టు నియమించిన రిసీవర్ చేతిలోకి పోయింది. అదే దేశంలోని నార్‌ఫోక్ నగరం అనుభవం ఇంకా ఘాటైనది. అక్కడ 1983లో ఒడ్డున వాటర్‌సైడ్ అనే షాపింగ్ కేంద్రం పెట్టారు. 1999లో దాని సమీపంలోనే మెకార్థర్ సెంటర్ అనే పెద్ద మాల్ తెరిచేసరికి వాటర్‌సైడ్ చతికిలబడింది. తర్వాత మెకార్థర్ సెంటర్ కూడా దెబ్బతింది. చివరికి 2023లో ఆ మాల్‌ను కోటీ ఎనభై లక్షల డాలర్లు పెట్టి నగరపాలక సంస్థే కొనుక్కుంది. ఒడ్డున ఒకటి, దాన్ని మింగడానికి ఇంకొకటి, రెండిటి బరువూ ప్రజల నెత్తిన. బయట ఎక్కడైనా దొరికే బ్రాండ్లే ఒడ్డునా అమ్మితే, కొత్త మోజు తీరాక జనం అక్కడిదాకా ఎందుకు వస్తారు?

అంత దూరం వెళ్లనక్కర్లేదు. కోళికోడ్ కూడా పాత రేవు పట్నమే. అక్కడి మిఠాయి తెరువు ఇరుకైన బజారు వీధి. కేరళ ప్రభుత్వం ఆ వీధిని పడగొట్టలేదు. రోడ్డు రాళ్లు, మురుగుకాలువలు, దీపాలు, తీగలు బాగుచేసి, 2017 డిసెంబరులో నడిచేవాళ్ల వీధిగా తిరిగి తెరిచింది. వాహనాల నిషేధం మీద వ్యాపారులు అభ్యంతరాలు చెప్పారు, వాదనలు సాగాయి. అయినా హల్వా అమ్మేవాడు తన కొట్లోనే హల్వా అమ్ముతున్నాడు. పుదుచ్చేరిలో సాయంత్రం బీచ్‌రోడ్డు మీద వాహనాలు ఆపేసినందుకే ఊరంతా ఒడ్డుకు నడిచొస్తుంది. దానికి శంకుస్థాపన అక్కర్లేకపోయింది.

మాల్‌తో ఉద్యోగాలు వస్తాయన్నది నిజమైన వాదనే. ఇంటర్ చదివిన పిల్లకు ఏసీ గదిలో, నెల జీతానికి పని దొరకడం చిన్న విషయం కాదు. ఎండాకాలంలో పసిబిడ్డతో పూర్ణా మార్కెట్‌కు వెళ్లడం కష్టమన్నదీ నిజమే. మరుగుదొడ్డి లేదు, కారు నిలిపే చోటు లేదు, వర్షమొస్తే కాళ్ల కింద బురద. ఇవన్నీ నగరపాలక సంస్థ చేయాల్సిన పనులు. తన పని తాను చెయ్యక, ఆ లోటునే సాకుగా చూపి ఒడ్డు భూమిని వందేళ్లకు రాసివ్వడం న్యాయం కాదు.

పైగా అది విశాఖ భూమి మాత్రమే కాదు. ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ చేతిలో ఉన్న భూమి రాష్ట్రం మొత్తానిది. 1996లో పునాదిరాయి పడిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం దశాబ్దాలు ఎదురుచూసిన పశ్చిమ ప్రకాశానికీ అందులో వాటా ఉంది. విశాఖ బీచ్‌లో మాల్ వస్తే మనకేంటని అక్కడి వెలిగండ్లలో అనుకోవచ్చు. కాలవ తవ్వడానికి డబ్బు లేదని విన్న ఊరికే, ప్రభుత్వ భూమి ఏ ధరకు ఎవరికి పోతోందో అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ.

పాత ఊరికి కావాల్సిన కొనుగోలుదారు రేవులోనే దిగుతున్నాడు. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఓడ దిగినవాళ్లను బస్సెక్కించి కైలాసగిరికి తీసుకెళ్తే వన్‌టౌన్‌కు ఒరిగేది ఏమీ లేదు. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ విశాఖ శాఖ పాత ఊళ్లో వారసత్వ నడకలు జరుపుతోంది. ఆ దారినే నీడతో, మంచి కాలిబాటతో, తెలుగు ఇంగ్లిషు బోర్డులతో రేవు గేటు నుంచి కురుపాం మార్కెట్ దాకా వేస్తే చాలు. దానికన్నా ముందు బొగ్గు గుట్టల మీద కప్పు పడాలి. ఇళ్లలోకి మనుషులు తిరిగి రావాలంటే అదే మొదటి పని.

ఇక పూర్ణా మార్కెట్‌ను బాగుచేయాల్సి వస్తే, ఇటుక కదిలించకముందే ప్రతి చిల్లర వ్యాపారికీ కింది అంతస్తులో చోటు, అద్దె ఎంతో కాగితం మీద రాసివ్వాలి. మద్రాసులో మూర్ మార్కెట్ 1985లో తగలబడ్డాక, పాత పుస్తకాలవాళ్లను పక్కనున్న అల్లికుళం భవనంలోకి పంపారు. వాళ్లు వెనక్కి రాలేదు. ఆ స్థలంలో ఇప్పుడు సబర్బన్ రైళ్ల స్టేషనుంది.