ఆడపిల్ల చేతిలో కెమెరా



పెండ్లి ఆల్బము లేని ఇల్లు మన గ్రామాలలో నేడు అరుదు. ఆ ఫోటోలు తీసే కెమెరాలు, లైట్లు కొనడానికి స్టూడియోవారు హైదరాబాదులోని కోఠికి, అక్కడి గుజరాతీ గల్లీకి వస్తుంటారు. ఫోటోగ్రాఫర్ అనగానే మన కళ్ళ ముందు నిలిచేది మగవాడే. అయితే ఇదే నగరములో నూట ముప్పై ఏండ్ల క్రిందట జరిగిన సంగతి వినండి.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు లాలా దీన్ దయాళ్. ఉత్తరాదినుండి ఇండోరుకు, అక్కడినుండి ఇక్కడికి వచ్చిన మనిషి. ఆయనకొక చిక్కు వచ్చింది. గొప్పింటి స్త్రీలు పరదాలో ఉండేవారు. ఫోటో కావాలన్న కోరిక వారికీ ఉంది, కాని పరాయి మగవాని ఎదుట కూర్చోలేరు. అందుకని 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీలకు మాత్రమే ఒక జెనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. మగవారికి ప్రవేశము లేదు. దానిని నడిపినది శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల స్త్రీ.

ఆమెకు సహాయముగా స్థానిక స్త్రీలు పనిచేసేవారని 1895 నాటి ఒక ఫోటోగ్రఫీ పత్రిక వ్రాసింది. మా మనస్సు వారిమీదనే నిలిచింది. ఆ రోజులలో ఫోటో అంటే గాజు పలక. చీకటి గదిలో దానిని మందునీళ్ళలో కడగాలి, తరువాత కాగితముమీద అచ్చు తీయాలి. తెలియని చేతులు చేసే పని కాదు. ఆ పత్రిక దొరసాని పేరు వ్రాసింది, సహాయకుల పేర్లు వ్రాయలేదు. మన ఆడపడుచులు ఎవరో, ఏ ఇంటివారో!

పేరు దగ్గర చాలామంది స్త్రీలకు ఇదే జరిగింది. మన దేశపు మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారవాలా (1913–2012) తీసిన తొలి చిత్రాలు ఆమె భర్త పేరుతో అచ్చయ్యాయి. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, అప్పటికి ఆమెకు దాదాపు వందేండ్లు.

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశములో ఫెలీషియా అబ్బన్ కథ వేరు. ఆమె తండ్రి ఫోటోగ్రాఫరు. పదునాలుగేండ్ల కూతురిని తన దగ్గరే పనిలో పెట్టుకొని నేర్పాడు. 1955లో ఆమె అక్రా నగరములోని జేమ్స్‌టౌన్‌లో స్టూడియో పెట్టి, బోర్డుమీద తన పేరే వ్రాయించుకున్నారు. విందులకు వెళ్ళే ముందు చక్కగా ముస్తాబై తన ఫోటో తానే తీసుకునేవారు. ఆమె పనితనానికి అదే ప్రకటన! ఆ దేశనాయకుడు క్వామే ఎన్‌క్రుమాను కూడ ఫోటోలు తీశారు. 2019లో ఇటలీలోని వెనిస్ ప్రదర్శనలో ఆమె చిత్రాలు ఉంచారు. 2024లో కన్నుమూశారు.

తల్లిదండ్రులారా, మీ అమ్మాయి ఫోనుతో తీసే ఫోటోలు చూసి మెచ్చుకుంటారు. "అమ్మా, నాన్నా, ఇదే పని నేర్చుకుంటాను" అంటే మాత్రము ముఖము చిట్లిస్తారు. పెండ్లిళ్ళలో అర్ధరాత్రి వరకు పని, పరాయి ఊళ్ళ ప్రయాణము. మీ భయము ఉత్తది కాదు. ఇద్దరు అమ్మాయిలు కలిసి వెళ్ళవచ్చు, అన్నయ్యో బాబాయో తోడు వెళ్ళవచ్చు. పెండ్లికుమార్తెను అలంకరించే గదిలోనికి, బాలింత మంచము దగ్గరికి ఎవరు వెళ్ళి ఫోటో తీస్తే ఇంటివారికి నెమ్మదిగా ఉంటుందో మీకు తెలుసు. 1892లో ఉన్న అవసరము ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

చదువుగా నేర్వదలచినవారికి హైదరాబాదు మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయములో ఇంటర్మీడియెట్ తరువాత ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. అంత దూరము పంపలేనివారు మీ మండలములో తెలిసిన స్టూడియోలో చేర్పించండి. ఏమి నేర్పుతారు, ఎన్నాళ్ళు, జీతమెంత అని మొదటే అడగండి. స్వంతముగా పెట్టుకున్న నాడు బోర్డుమీద అన్న పేరు కాదు, ఆమె పేరే వ్రాయించండి. బంధువుల పెండ్లికి పిలిచినా సరే, ఆమెకు ఇచ్చే డబ్బు ముందే మాట్లాడుకోండి. "మన పిల్లే కదా" అని ఊరక తీయించుకునేవారిలో మొదట నిలిచేది మేనమామలే!