కార్డుదే తప్పా?

గేమ్ కాస్త తడబడితే చాలు, నింద గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఏ కౌంటర్ ముందు నిలబడినా మొదటి ప్రశ్న ‘బడ్జెట్ ఎంత సార్?’ అనే. ఇంట్లో ఉన్న మానిటర్ ఏదని అడిగేవాళ్లు తక్కువ. అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. లోపల కార్డు 140 ఫ్రేములు వండి వార్చినా తెర తన లెక్క దాటదు. పోటీ ఆటల్లో మౌస్ కాస్త చురుగ్గా అనిపిస్తుంది, అంతే.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. గేమ్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. కార్డు గీయాల్సిన పిక్సెళ్లు ఇరవై లక్షల పైచిలుకు నుంచి తొమ్మిది లక్షల చిల్లరకు పడిపోతాయి. ఫ్రేములు ఎగబాకాయా, కార్డే అలిసిపోతోంది. ఎక్కడివక్కడే ఉన్నాయా, ప్రాసెసరో ర్యామో వెనకబడింది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా అదీ ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఒక్క ర్యామ్ స్టిక్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు ముందు రెండోది వేసి చూడాలి.

2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 ఇప్పటికీ చాలా ఇళ్లలో నడుస్తోంది. వాలరెంట్, జీటీఏ 5 దాని మీద హాయిగా ఆడుకోవచ్చు. అవే ఆడేవాళ్లు దాన్ని మార్చడం దండగ. (‘చదువుకోసం’ అని నాన్నను ఒప్పించగల తెలివి వేరే సంగతి.) కానీ ‘డూమ్: ద డార్క్ ఏజెస్’ ఆడాలనుకుంటే సెట్టింగ్స్ ఎంత తగ్గించినా లాభం లేదు. హార్డ్‌వేర్‌లోనే రే ట్రేసింగ్ ఉండాలని అది పట్టుబడుతుంది. 1060కి అది లేదు. పైగా ఎన్విడియా కూడా 2025 చివర్లో ఆ తరం కార్డులకు కొత్త గేమ్‌ల డ్రైవర్లు ఆపేసింది. ఇక మిగిలినవి భద్రతా అప్‌డేట్లే. కావాలనుకున్న ఆట అసలు మొదలే కాకపోతే, అదీ కార్డు మార్చడానికి కారణమంటే.

మరి ఏది? ఆర్‌టీఎక్స్ 4060 లాగేది 115 వాట్లే, 1060 కన్నా తక్కువ. అయితే పాత కార్డుకు 6 పిన్నుల వైరు సరిపోయేది, దీనికి సాధారణంగా 8 పిన్నులది కావాలి. మీ ఎస్‌ఎంపీఎస్‌లో అది ఉందో లేదో క్యాబినెట్ పక్క పలక తీసి చూడండి. అడాప్టర్ అతికించి సరిపెట్టమనే సలహా నాకు గిట్టదు. ఇంకో మెలిక ఉంది. ఈ కార్డు మదర్‌బోర్డుతో 8 లేన్ల మీదే మాట్లాడుతుంది. పాత పీసీఐఈ 3.0 బోర్డులో, 8 జీబీ మెమరీ నిండిన క్షణాన, ఆట కుంటుతుంది.

అందుకే పాత బోర్డున్నవాళ్లకు నా ఓటు 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060కే. అది 16 లేన్లది, కాకపోతే 170 వాట్లు తాగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే, 2022 సెప్టెంబరు దాకా ఈథీరియం మైనింగ్‌లో ఇలాంటి కార్డులు రాత్రింబవళ్లు పనిచేశాయని గుర్తుంచుకోండి. షాపులోనే అరగంట గేమ్ నడిపించి, ఫ్యాన్ల చప్పుడు విని, పాత బిల్లు చూశాకే డబ్బు తీయండి.