ఎట్లా అని అడిగేవాడు

వారం వారం – బాటసారి

వైశాఖ శుద్ధ దశమి ఆరాధన రోజుల్లో బ్రహ్మంగారిమఠంలో ఒక గంట కూర్చుంటే చాలు, కాలజ్ఞానం అంతా చెవిన పడుతుంది. ఎద్దులు లేని బండ్లు పరుగెత్తుతాయని స్వామి ఎప్పుడో చెప్పినాడంటాడు ఒక పెద్దాయన. నీళ్లతో దీపాలు వెలుగుతాయని కూడా చెప్పినాడంటుంది పక్కనున్న అవ్వ. బయట ఆర్టీసీ బస్సు నిలబడి ఉంటుంది. మంటపంలో ట్యూబులైటు వెలుగుతూ ఉంటుంది. వాళ్లకు ఇంకే సాక్ష్యం కావాలి?

ఆ మాటలు చిన్నప్పటి నుంచీ వింటున్నా ఒక సంగతి ఈమధ్యే తట్టింది. స్వామి ఏం జరుగుతుందో చెప్పారు. ఎట్లా జరుగుతుందో చెప్పలేదు. జోస్యానికి ఆ అవసరం లేదు. కానీ ఆయన పుట్టిన విశ్వబ్రాహ్మణుల ఇళ్లలో చదువంతా ‘ఎట్లా’ మీదే నడుస్తుంది. ఇరుసు ఎంత లావుండాలి, కొలిమిలో ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు బయటికి తీయాలి, జడ్డిగానికి రంధ్రం ఎంత పెడితే శనగ పడుతుంది, ఎంత పెడితే జొన్న పడుతుంది అన్నది తెలిసినవాడే కమ్మరి, తెలిసినవాడే వడ్లంగి.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక ఇంజనీరింగు కుర్రాడు తన పేటెంటు అర్జీ చిత్తుప్రతి చూపించాడు. అందులో అసలు క్లెయిము ఇది: ‘మొక్కకు కావలసినంత నీటిని, కావలసిన వేళకు అందించేటట్టు అమర్చిన వ్యవస్థ.’

“ఎట్లా అందిస్తాది నాయనా?” అన్నాను.

“ఒక కంట్రోల్ మాడ్యూల్ ఉంటాది సార్. అదే చూసుకుంటాది.”

“ఆ మాడ్యూల్‌లో ఏముంటాది?”

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. తెలివి లేనివాడు కాదు. మూడెకరాల చీనీ తోటలో తేమ కొలిచే పుల్లలు పాతి, ఏ లోతున ఎంత తేమ ఉంటే మోటారు ఆపాలో రెండేళ్లు కుస్తీపట్టి తేల్చుకున్నవాడు. ఆ రెండేళ్ల కష్టం గురించి కాగితంలో ఒక్క ముక్క లేదు. మాడ్యూల్ మాత్రం ఉంది. ఇట్లా రాస్తేనే హక్కు విశాలంగా వస్తుందని ఎవరో చెప్పారట.

పేటెంటులో క్లెయిమంటే భూమి దస్తావేజులో చెక్కుబంది లాంటిది. తూర్పున ఫలానా వంక, పడమర ఫలానా వారి చేను అని రాసుకున్న హద్దులోపలే మన హక్కు. మన పేటెంటు చట్టం, 1970లో పదో సెక్షను ఇదే చెబుతుంది. కనిపెట్టినదాన్ని, అది పనిచేసే తీరును, దాన్ని చేసే పద్ధతిని పూర్తిగా వివరించాలి. తనకు తెలిసినవాటిలో మేలైన పద్ధతిని దాచకుండా చెప్పాలి. ఆ తర్వాతే క్లెయిములు. అవి స్పష్టంగా, క్లుప్తంగా, చెప్పిన వివరానికి తగినట్టు ఉండాలి. ఇరవై ఏళ్ల గుత్తహక్కుకు లోకం అడిగే వెల ఆ వివరమే.

వస్తువు ఎట్లా ఉంటుందో చెప్పకుండా, ఏం పని చేస్తుందో మాత్రమే చెప్పి హద్దు గీయబోయినప్పుడు చిక్కు వస్తుంది. ‘నీళ్లు పారినంత మేరా నాదే’ అని దస్తావేజు రాయించుకున్నట్టు ఉంటుంది అది. ఇట్లాంటి క్లెయిము చేతికొచ్చినప్పుడు పేటెంటు ఆఫీసులో దాన్ని పరీక్షించే ఎగ్జామినర్ ఏం చేస్తాడన్నది లాయర్లకు మాత్రమే సంబంధించిన విషయం అనుకుంటాం. కాదు. రేపు మన చేతిలో ఏ పరికరం ఉండాలి, దాన్ని ఎవరు చేయవచ్చు, ఎంతకు అమ్మవచ్చు అన్నది అక్కడే తేలుతుంది.

ఎగ్జామినర్ మొదట చూసేది, ఆ పని చేయగల వస్తువు ఇదివరకే ఉందా అని. అమెరికాలో ష్రైబర్ అనే ఆయన పాప్‌కార్న్ డబ్బాకు బిగించే గరాటులాంటి మూత మీద పేటెంటు అడిగాడు. డబ్బాను తలకిందులు చేస్తే గింజలు ఒకేసారి కుమ్మరించకుండా కొద్దికొద్దిగా రావాలి, అదీ దాని పని. ఆఫీసువాళ్లు ఒక పాత స్విస్ పేటెంటు తీసి ముందు పెట్టారు. అది నూనె డబ్బా మూతి. నూనెకూ పాప్‌కార్న్‌కూ ఏం సంబంధమన్నాడాయన. ఆకారం అదే అయినప్పుడు, ఆ మూతి గుండా గింజలూ అట్లాగే వస్తాయి కదా అన్నారు వాళ్లు. 1997లో అప్పీలు కోర్టు కూడా వాళ్ల మాటే నిలబెట్టింది. పాత గరాటుతో బొరుగులు పోసి చూపించినంత మాత్రాన గరాటును కనిపెట్టినవాళ్లం కాము. కొత్త పని పేరు చెప్పి పాత వస్తువును సొంతం చేసుకోవడం కుదరదు.

రెండోది, ఎంత చూపించాడు, ఎంత అడుగుతున్నాడు అన్న లెక్క. టెలిగ్రాఫు మోర్స్ తన యంత్రం మీద హక్కు అడిగి ఊరుకోలేదు. విద్యుదయస్కాంత శక్తిని ఏ విధంగా వాడినా సరే, ఎంత దూరంలోనైనా అక్షరాలు ముద్రపడితే అది తనదే అన్నాడు. 19వ శతాబ్దం మధ్యలోనే అమెరికా సుప్రీంకోర్టు ఆ క్లెయిమును కొట్టేసి, ఆయన చూపించిన యంత్రం వరకు హక్కు నిలబెట్టింది. 1928లో జిగురు కేసు వచ్చింది. పిండితో జిగురు తయారుచేసిన ఒక కంపెనీ, జంతువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే బంక ఎంత గట్టిగా అతుకుతుందో అంత గట్టిగా అతికే పిండి జిగురు ఏదైనా తనదే అంది. కోర్టు ఒప్పుకోలేదు. అంత బాగా అతికే జిగురు కావాలని కోరుకోవడం ఏ వడ్లంగికైనా చేతనవును. దాన్ని ఏ పిండితో, ఎట్లా చేయాలన్నదే విద్య.

ఈ తగవు ఇంకా ముగియలేదు. కొలెస్ట్రాల్ తగ్గించే మందుల విషయంలో ఆమ్‌జెన్, సనోఫీ కంపెనీలు కోర్టుకెక్కాయి. శరీరంలో ఒక ప్రోటీనుకు అతుక్కుని దాని పనిని అడ్డుకునే యాంటీబాడీలన్నీ తనవేనంది ఆమ్‌జెన్. నిర్మాణంతో సహా చూపించినవి మాత్రం 26. ఆ క్లెయిము కిందికి రాగలవి లక్షల్లో ఉంటాయి. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా, ఎంత అడిగితే అంత చేసే దారీ చూపించాలని తేల్చారు. మోర్స్ కేసునూ జిగురు కేసునూ ఆ తీర్పులోనే మళ్లీ తలుచుకున్నారు.

మన ఇంటి ఉదాహరణ పసుపు. మైదుకూరు, టేకూరుపేట పేర్లతో పసుపు రకాలే ఉన్న జిల్లా మనది. 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఇచ్చిన అమెరికా పేటెంటులో, గాయం మానడానికి ‘ఫలమిచ్చేంత మోతాదు’ పసుపు పొడి వాడే పద్ధతిని క్లెయిము చేశారు. ఎంత మోతాదు? మానేంత! పని ద్వారానే కొలత చెప్పడం అంటే ఇదే. మందుల క్లెయిముల్లో ఈ మాట మామూలే, దానంతట అది తప్పూ కాదు. కానీ ఆ హద్దు పట్టుకుని చూస్తే, దెబ్బ తగిలిన పిల్లాడి మోకాలికి ఏ అవ్వ పెట్టిన పసుపైనా అందులోకే వస్తుంది. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికలు సాక్ష్యంగా పెట్టి మళ్లీ పరీక్షించమని అడిగింది. 1997లో ఆ క్లెయిములు చెల్లవన్నారు. పాప్‌కార్న్ గరాటు కథే ఇదీ. పనిని బట్టి హద్దు గీసినప్పుడు, ఆ పని పాతకాలం నుంచి చేస్తున్నవాళ్లంతా లోపల ఇరుక్కుంటారు. వాళ్లను గుర్తుపట్టడం ఎగ్జామినర్ విధి. అక్కడ మొదట గుర్తుపట్టలేదు.

మరి పని చెప్పి హద్దు గీయడమే నేరమా? కాదు. 1935లో ఇంగ్లండులో ఒక యాష్‌ట్రే కేసు నడిచింది. లోపల పడేసిన సిగరెట్టు పొగ బయటికి రాకుండా ఉండే డబ్బా అది. దాని గొట్టం ఎట్లా ఉండాలో, లోపల పొగను మళ్లించే రేకు ఎక్కడ ఉండాలో క్లెయిములో రాశారు. కొలతలు మాత్రం అంగుళాల్లో చెప్పలేదు, పొగ బయటికి రానంతగా అన్నారు. అప్పీలు కోర్టు సరేనంది. పని తెలిసినవాడు నాలుగు డబ్బాలు చేసి చూస్తే కొలత దొరుకుతుంది, పొగ వస్తోందో లేదో కంటికి కనిపిస్తుంది. దారి చూపించి, చివరి అడుగు కొలతను పనికి వదిలేయడం వేరు. దారే లేకుండా ఊరు పేరు చెప్పడం వేరు. ఎగ్జామినర్ వివేకమంతా ఈ రెంటినీ వేరుచేయడంలోనే ఉంది.

అమెరికా వాళ్లు దీనికి ఒక మధ్యేమార్గం వెతుక్కున్నారు. చమురు బావిలో ద్రవం ఎంత లోతున ఉందో ప్రతిధ్వనితో కొలిచే యంత్రం కేసులో, 1946లో సుప్రీంకోర్టు ‘ఫలానా పని చేసే సాధనం’ అన్న క్లెయిమును కొట్టేసింది. మరీ గట్టిగా పట్టుకున్నారనుకున్నారో ఏమో, 1952 చట్టంలో అట్లా రాసుకోవచ్చన్నారు, ఒక షరతుతో. ‘సాధనం’ అని రాస్తే దాని అర్థం లోకంలోని సాధనాలన్నీ కాదు, నువ్వు వివరించిన సాధనమూ దానికి సరిసమానమైనవీ మాత్రమే. 1994లో అప్పీలు కోర్టు, ఎగ్జామినర్లు కూడా ఇదే పద్ధతిలో చదవాలంది. ‘సాధనం’ అన్న మాట వదిలేసి ‘మాడ్యూల్’ అని రాసినంత మాత్రాన తప్పించుకోలేరని 2015లో ఇంకో తీర్పు వచ్చింది. ప్రొద్దుటూరు కుర్రాడి నవ్వు నాకు అక్కడ గుర్తొచ్చింది.

మన పేటెంటు ఆఫీసు 2017లో కంప్యూటరు సంబంధ ఆవిష్కరణల మీద ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా చెప్పాయి. ‘ఫలానా పని చేసే సాధనం’ అని క్లెయిము చేస్తే, ఆ సాధనం నిర్మాణం వివరంలో ఉండాలి. లేకపోతే ఒప్పుకోరాదు. వివరమంతా చూస్తే ఒట్టి ప్రోగ్రామే కనిపిస్తే, ప్రోగ్రాముకు పేటెంటు లేదన్న 3(కె) సెక్షను కింద అదీ పోతుంది. నా దృష్టిలో ఇది సరైన నియమం. మాడ్యూల్ అనే పెట్టెలో ఏముందో చెప్పనివాడికి, ఆ పెట్టెలో రేపు ఇంకొకడు కష్టపడి పెట్టబోయేదాని మీద హక్కు ఉండకూడదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లలు దుడ్డుల్లా ఉండాలి అంటే ఏ చట్టం ఒప్పుకుంటుంది?

ఇక్కడ ఎగ్జామినర్ పక్షాన ఇంతసేపు మాట్లాడినవాణ్ని కాసేపు అటువైపు కూర్చుంటాను. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం కథ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నేతన్నలకు చెప్పక్కర్లేదు. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ నూలు పోస్తూ, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించిన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం చేశారు. 1999 నాటికి యంత్రం పూర్తయింది. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ. ఏళ్ల తరబడి విఫలమై, ఒక్కో కదలికనూ విడిగా సాధించి చేసిన యంత్రం అది. అట్లాంటివాడు తన యంత్రాన్ని బోల్టు బోల్టూ రాసి, దానికే హద్దు గీసుకున్నాడనుకోండి. పక్క వర్క్‌షాపువాడు గొలుసు తీసేసి బెల్టు వేసి, ఇది వేరే యంత్రం అంటాడు. ‘నూలును మేకు చుట్టూ తిప్పే చెయ్యి, దాన్ని మేకు నుంచి మేకుకు జరిపే సాధనం’ అని పని చెప్పి రాసుకుంటేనే ఆ కష్టానికి కంచె దొరుకుతుంది. కాబట్టి పని పేరు కనిపించగానే ఎర్రగీత గీసే ఎగ్జామినర్ చిన్నవాడికే అన్యాయం చేస్తాడు. పెద్ద కంపెనీకి రెండు వందల రకాలు రాయించే శక్తి ఉంటుంది. నేతన్నకు ఉండేది ఒక్క యంత్రం.

నా అసలు బాధ ఇంకొకటి. పేటెంటు అర్జీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలని రూల్సు. మన వడ్లంగి, మన నేతన్న, మన రైతు తెలుగులో చెబుతారు. వాళ్లు చెప్పేదంతా ‘ఎట్లా’నే. రంధ్రం ఇంత, వాలు ఇంత, మొదట ఇట్లా చేస్తే పగిలింది, తర్వాత ఇట్లా చేస్తే నిలిచింది అంటారు. ఆ మాట ఇంగ్లీషు కాగితం మీదికి వెళ్లేసరికి ‘అట్లా పనిచేసేటట్టు అమర్చిన వ్యవస్థ’ అవుతుంది. తెలిసినవాడికి రాయడం రాదు, రాసేవాడికి తెలియదు. చెన్నై ఆఫీసులో కూర్చున్న ఎగ్జామినర్ కాగితం చూసి ఎట్లా అని అడిగితే, జవాబు మైదుకూరులో ఎవరి నాలుక మీదో ఉంటుంది.

అప్పుడు చేర్చుకోవచ్చులే అనుకుంటే పొరపాటు. 59వ సెక్షను ప్రకారం, మొదట దాఖలు చేసినదానిలో లేని సంగతి సవరణ పేరుతో తర్వాత చేర్చడానికి వీల్లేదు. హద్దు కుదించుకోవచ్చు, పెంచుకోలేం. తొలి పరీక్షా నివేదికకు జవాబివ్వడానికి ఆరు నెలలు ఇస్తారు గానీ, ఆ ఆరు నెలల్లో కొత్త ‘ఎట్లా’ పుట్టించలేం. ఎట్లాగో తప్పించుకుని పేటెంటు తెచ్చుకున్నా, వివరం చాలలేదనీ, హద్దు వివరానికి మించిందనీ 64వ సెక్షను కింద రద్దు కోరే దారి పోటీదారుకు తెరిచే ఉంటుంది.

ఆ కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఏజెంటు దగ్గరికి పోకముందే ఒక నోటుపుస్తకం తీసుకోండి. తెలుగులోనే రాయండి. ఏం చేశారు, ఏ కొలతతో చేశారు, ఎన్నిసార్లు చెడింది, ఎందుకు చెడింది, గొలుసు బదులు బెల్టు వేస్తే నడుస్తుందా, మోటారు బదులు కాలితో తొక్కితే నడుస్తుందా, అన్నీ రాయండి. మీరు చూపించిన దారులు ఎన్ని ఉంటే, పని పేరు చెప్పి మీరు గీయగల హద్దు అంత వెడల్పు అవుతుంది. రాసింది ఇంగ్లీషులోకి పూర్తిగా ఎక్కిందో లేదో పక్కన కూర్చుని చదివించుకోండి. ఒక్క కొలత కూడా వదలనివ్వకండి.

కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు. పద్దెనిమిది పేజీలు అయిందట. మాడ్యూల్ అన్న మాట ఇంకా ఉంది గానీ, దానిలో ఏముందో ఇప్పుడు ఆరు పేజీల నిండా ఉందన్నాడు.