ఆరు ఊళ్ల ఆతిథ్యము

లేపాక్షి వీరభద్రాలయమును చూడవచ్చినవారు ముఖమండపములో ఒక స్తంభముకడ తప్పక ఆగుదురు. దాని పాదము నేలకు పూర్తిగా ఆనియుండదు. పిల్లలు క్రిందినుండి తువాలు దూర్చి ఆవలికి లాగి ఆశ్చర్యపడుదురు. ఉపాధ్యాయులు అది వ్రేలాడు స్తంభమని చెప్పి ముందుకు నడుతురు. కాని ఆ మండపమున డెబ్బది స్తంభములున్నవనియు, ఒకటి నేలనంటకున్నను పైకప్పు శతాబ్దములుగా నిలిచియుండుటకు కారణము తక్కినవి బరువును పంచుకొనుటయే యనియు పిల్లలకు చెప్పువారు అరుదు. చిన్న పట్టణములు పెద్ద కార్యమునకు పూనుకొనునప్పుడు గుర్తుంచుకొనదగిన పాఠము ఇదియే.

పెద్ద కార్యమనగా ఇచ్చట ప్రాంతీయ క్రీడోత్సవము. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగుపందెములు మొదలగు పలు ఆటలను కొన్ని దినములపాటు ఒక్కసారిగా నడుపు ఉత్సవము. అందు పాల్గొనువారు జీతమునకు ఆడువారు కారు. మగ్గముపై కూర్చుండు నేతగాని కుమారుడు, వేరుసెనగ చేనిలో తల్లితో కలుపుతీయు బాలిక, సాయంకాలము దుకాణము మూసి మైదానమునకు వచ్చు యువకుడు అందలి క్రీడాకారులు. ఇట్టి ఔత్సాహికులకు నూరారు మైళ్ల దూరమున నున్న మహానగరపు స్టేడియము ఒక బొమ్మ మాత్రమే. ఆట వారి ఊరికి రావలెను. కాని వారి ఊరు ఒంటరిగా దానిని పిలువజాలదు.

2022 ఏప్రిల్ 4న అనంతపురము జిల్లానుండి వేరుపడి యేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురము, ధర్మవరము, కదిరి, పుట్టపర్తి, పెనుకొండ, మడకశిర అను ఆరు పట్టణములకు పురపాలక వ్యవస్థ కలదు. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షి గ్రామ పంచాయతి. ఈ ఆరు పట్టణములలో ఏ ఒక్కటియు వేల మంది అతిథులకు అన్నము, నీరు, పడక, మైదానము సమకూర్పజాలదు. ఆరును కలిసినచో ఆ పని అసాధ్యము కాదు. మెట్టసీమలో క్రీడోత్సవమునకు ఉమ్మడి ఆతిథ్యము పేదరికమును కప్పిపుచ్చు ఉపాయము కాదు. అదియే తగిన మార్గము.

ఇట్టి ఆలోచనకు పూర్వోదాహరణములు లేకపోలేదు. 2002 సంవత్సరమున మన రాష్ట్రమున జరిగిన 32వ జాతీయ క్రీడలను హైదరాబాదు, విశాఖపట్నములు పంచుకొన్నవి. 2022లో గుజరాతునకు జాతీయ క్రీడలను అప్పగించినది జూలై నెలలో. క్రీడలు ఆరంభమైనది సెప్టెంబరు 29న. మూడు నెలలైన లేని ఆ వ్యవధిలో కొత్త నగరమును కట్టుట ఎవరితరమును కాదు. అహమ్మదాబాదు, గాంధీనగరము, సూరత్తు, వడోదర, రాజకోట, భావనగరములలో అప్పటికే ఉన్న వసతులను కలిపి వాడుకొనుటచేతనే ఆ పని నెరవేరినది. అదే సంవత్సరము ఆగస్టులో కెనడా దేశపు వేసవి క్రీడలకు నయాగరా ప్రాంతము ఆతిథ్యమిచ్చినది. ఆ ప్రాంతమున పండ్రెండు స్థానిక పురపాలక సంస్థలున్నవి. జలపాతము పేర లోకమెరిగిన ఆ సీమ కూడ ఒక్క ఊరి పేర కాక, ప్రాంతము పేరనే అతిథులను పిలిచినది.

మన రాష్ట్ర ప్రభుత్వము 2023 డిసెంబరులో ప్రారంభించిన "ఆడుదాం ఆంధ్రా" పోటీలు గ్రామ, వార్డు సచివాలయముల స్థాయినుండి మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నమున ముగిసినవి. ప్రతి పల్లెలోను ఆడువారున్నారని అవి చాటినవి. అయినను అది పైనుండి క్రిందికి దిగిన ఉత్సవము. పైనుండి వచ్చు ఆజ్ఞ ఆగినచో క్రింద ఆట సాగునను హామీ లేదు. ఊళ్లు తమంత తాము చేతులు కలిపి నిలుపుకొన్న ఉత్సవమునకు మాత్రమే ఆ హామీ యుండును.

ఇచట మొదటి ఆక్షేపణ నీటిని గూర్చినది. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ ఇది. పెన్నానది నందికొండలలో పుట్టి హిందూపురము చెంతనే ఆంధ్రదేశమున అడుగిడుచున్నను, ఏటిలో ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకయే కనిపించును. పట్టణములకు త్రాగునీరు దూరపు జలాశయములనుండి గొట్టములద్వారా రావలసియున్నది. బిందెలు వరుసపెట్టు వీధిలో క్రీడల పేర నీటిని ఒలుకబోయుట న్యాయమా యని గృహిణి అడిగినచో ఆమె ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. లెక్క వేసి సమాధానము చెప్పవలెను.

రెండువేల మంది అతిథులు వత్తురనుకొందము. త్రాగుటకు, వంటకు, స్నానమునకు మనిషికి దినమునకు 40 లీటర్లు చాలుననుకొందము. మొత్తము 80,000 లీటర్లు. అనగా 5,000 లీటర్లు పట్టు ట్యాంకర్లు పదునారు. ఇవి యన్నియు ఒక్క పట్టణమునకే వచ్చి నిలిచినచో ఆ వారమంతయు అచ్చటి వీధికొళాయి వెలవెలబోవును. అదే భారమును ఆరు పట్టణములకు పంచినచో ఒక్కొక్క పట్టణమునకు దినమునకు మూడు ట్యాంకర్లకు మించదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి నల్లబల్లపై చేయదగిన ఈ భాగహారములోనే ఉమ్మడి ఆతిథ్యపు రహస్యమంతయు నిమిడియున్నది. కరవుసీమలో నీటి లెక్క వేయక ఆటల పట్టిక వ్రాయుట వెనుకది ముందు చేయుటయే యగును.

పంచుకొనుటయనగా అందరును ఒకే వస్తువు నిచ్చుట కాదు. ఎవరికి కలిగినది వారిచ్చుట. పుట్టపర్తిలో కొండప్రక్క విశాలమైన హిల్ వ్యూ స్టేడియము కలదు. పరుగుపందెములకు అంతకంటె తగిన స్థలము జిల్లాలో అరుదు. కదిరి నరసింహస్వామి తేరునకు వచ్చు జనసమూహమునకు అన్నము పెట్టుట ఆ ఊరివారికి ఏటేట అలవాటైన పని. కబడ్డీ చూడవచ్చువారిని ఆదరించుట వారికి కష్టము కాదు. ధర్మవరము రైలు కూడలి, పట్టుచీరల పట్టణము. దూరపు జట్లను ఎదుర్కొనుటకును, విజేతలకు కప్పు శాలువలను నేయుటకును ఆ ఊరు ముందుండగలదు. పెనుకొండ విజయనగర రాజులకు తళ్లికోట యుద్ధానంతరము రాజధానియైన దుర్గము. ఆ కొండదారి దూరపు పరుగునకు సహజమైన పరీక్ష. హిందూపురము, మడకశిరల పాఠశాలా మైదానములు ఖోఖోకును వాలీబాల్‌కును చాలును. హిందూపురము, పెనుకొండ, పుట్టపర్తి, ధర్మవరములు ఒకే రైలుమార్గముపై నున్నవి. కదిరి ధర్మవరమునుండి పాకాల పోవు మార్గముపై నున్నది. మడకశిర, లేపాక్షులకు హిందూపురమునుండి బస్సులు పోవును. దారి ఇదివరకే యున్నది. కావలసినది కలిసి నడచుటయే.

మరి లేపాక్షి యేమి యీయవలెను? అచట స్టేడియము కట్టవలెనని ఎవరైన అన్నచో అది పొరపాటు. ఆలయము కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోని కట్టడము. 2010 నాటి చట్ట సవరణ ప్రకారము అట్టి కట్టడమునకు 100 మీటర్లలోపల కొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపై 200 మీటర్లవరకు అనుమతి లేనిదే నిర్మాణము పనికిరాదు. 2022లో ఈ ఆలయమును, ఏకశిలానందిని మనదేశము ప్రపంచ వారసత్వపు తాత్కాలిక పట్టికలో చేర్చినది. అట్టి చోట సిమెంటు మెట్లకంటె ఉత్తి నేలయే శోభ. క్రీడాజ్యోతి నందికడ వెలిగి, ఆరు పట్టణముల పిల్లల చేతులు మారుచు ఊరూరు తిరిగిన చాలును. అట్లైనను లేపాక్షిని అలంకారముగా మాత్రమే చూడరాదు. ఆరు పట్టణముల ఉమ్మడి సంఘములో ఈ పంచాయతికిని సమానమైన ఆసనము, సమానమైన ఓటు ఉండవలెను. పట్టణములు కూర్చుండి నిర్ణయించుట, పల్లె వచ్చి చప్పట్లు కొట్టుట ఉమ్మడి ఆతిథ్యము కాజాలదు.

దీనికి రాజ్యాంగమున ఆధారము కలదు. 74వ సవరణ చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో ఉద్యానములు, ఆటస్థలములు పురపాలక సంఘముల విధులలో పేర్కొనబడినవి. పంచాయతులకు వర్తించు పదకొండవ షెడ్యూలులోని ఇరువదితొమ్మిది విషయములలో ఆటస్థలమను మాట లేదు. సంతలు, ఉత్సవములు, సాంస్కృతిక కార్యములు మాత్రము ఉన్నవి. పల్లె పిల్లవాడు ఆడడని కాదు. అతని ఆటను చట్టము గుర్తింపలేదు. ఈ లోటును తీర్చు ద్వారము ఆ సవరణలోనే కలదు. ప్రతి జిల్లాకును ప్రణాళికా సంఘముండవలెననియు, పంచాయతులకు పురపాలక సంఘములకు ఉమ్మడియైన విషయములను, ముఖ్యముగా నీటిని ఇతర వనరులను పంచుకొనుటను, అది పరిశీలింపవలెననియు 243 జెడ్.డి. అధికరణము చెప్పుచున్నది. రాజ్యాంగము నీటిని పంచుకొమ్మన్న ఆ బల్లయొద్దనే ఆటను పంచుకొనుటయు ఆరంభము కావలెను.

ధనము మాట వచ్చినప్పుడు లేపాక్షి మరియొక పాఠము చెప్పును. ఆలయమును కట్టించిన విరూపణ్ణ విజయనగరపు కోశాధికారియనియు, రాజు అనుమతి లేక ధనము వెచ్చించెనను అపవాదు రాగా తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు జనశ్రుతి. కథ నిజమో కాదో కాని, కల్యాణమండపము నేటికిని అసంపూర్తిగా నిలిచియున్నది. కలిసి చేయు పనిలో లెక్క చెప్పనివాడు నిర్దోషియైనను నింద మోయవలసివచ్చును. కావున ఏ పట్టణము ఎంత యిచ్చినది, ఎంత ఖర్చైనది, ఏమి మిగిలినది యనునది ప్రతి పురపాలక కార్యాలయము గోడపైనను, లేపాక్షి పంచాయతి గోడపైనను తెలుగులో వ్రాసి యుంచవలెను. గోడకు అంటవలసినవి లెక్కలు, కన్నులు కావు.

కాలనిర్ణయము కూడ నేలనుబట్టి జరుగవలెను. వానకారు వేరుసెనగ జూన్, జూలై మాసములలో విత్తి అక్టోబరు, నవంబరులలో పెరుకుదురు. ఆ దినములలో పిల్లలు చేలలో నుందురు. మార్చిలో పదవతరగతి పరీక్షలు; ఆపై ఎండ. పంట యింటికి చేరిన పిమ్మట, సంక్రాంతి సెలవులకు ముందు వెనుకల, నీడ చల్లగా నుండు పదిదినములే ఈ సీమకు క్రీడాఋతువు. నాయకుని తీరికనుబట్టి తేదీ నిర్ణయించినచో పిల్లవాడు చేనినో పుస్తకమునో విడిచి రావలసియుండును.

ఇక మిగిలినది ఉపాధ్యాయుల పాత్ర. 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను భారత ఫుట్‌బాల్ జట్టునకు ఆసియా క్రీడల స్వర్ణము తెచ్చిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవాడే. అతడు మొదట పొందినది స్టేడియము కాదు, పిల్లలు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెనని నిర్దేశించినది. ఆ మాట కాగితము దిగి నేలపై నిలిచినదా లేదా యనునది ప్రతి ప్రధానోపాధ్యాయునికి తెలియును. క్రీడోత్సవము వచ్చినచో ఆ నేలలోని రాళ్లు తీయబడును, గీతలు గీయబడును, బాలికలకు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకొను గది కట్టబడును. ఉత్సవము వెళ్లిపోయిన మరునాడు అవి పాఠశాలకు మిగులును. అవి మిగులనిచో ఎన్ని పతకములు పంచినను ఆ ఉత్సవము వ్యర్థమే.

ఊళ్ల మధ్య పోటీ ఆరదని, ప్రారంభోత్సవము ఎవరి ఊరిలో, ముగింపు ఎవరి ఊరిలో అను తగవు తెగదని పెద్దలు సందేహింతురు. ఆ భయము నిరాధారము కాదు. జిల్లా విభజననాడు కేంద్రస్థానము కొరకు హిందూపురము ఎంత తపించినదో అందరును ఎరుగుదురు. అయినను పోటీని మాన్పుట ఆటల పని కాదు. దానికి నియమము నేర్పుట ఆటల పని. కబడ్డీ బరిలో కాలు పట్టినవాడే ఈల మ్రోగగానే చేయందించి లేవదీయును. ఆ మర్యాద పిల్లలకు తెలియును. పెద్దలకు నేర్పవలసియున్నచో అందుకు కూడ ఈ ఉత్సవమే తగిన బడి.

ఆరు ఊళ్లు ఇట్లు కలిసిననాడు లేపాక్షి బాలిక తన బడి మైదానమున గీచిన తెల్లని గీతపై నిలిచి పరుగుకు సిద్ధపడును. ఆమెకు దప్పిక తీర్చు కుండలోని నీరు ఏ ఊరిదో ఆమె యడుగదు. అడుగవలసిన అవసరము లేకుండ చేయుటయే ఆతిథ్యము.