చిన్న దేహమునకు నిడుపు పలక

తుర్కయంజాల్‌కు అతిసమీపమైన సముద్రతీరము బాపట్ల చెంతనున్న సూర్యలంక. అదియైనను ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరము. నిత్యము మా కంటబడు జలరాశి మాసబ్ చెరువు మాత్రమే. ఇట్టి మెరకసీమలో కాపురముండి, కడలి తరంగములపై పలక నడుపు విద్యను గూర్చి దినపత్రికలో వ్రాయబూనుట కొందఱికి అసందర్భముగా తోపవచ్చును. కాని సెలవుదినముల ముందటి రాత్రులందు ఎల్బీ నగర్ కూడలిలో విశాఖపట్టణపు బస్సుల కొఱకు వేచియుండు యువజనులలో, ఋషికొండకు పోయి సర్ఫింగు నేర్చుకొనవలెనను ఉత్సాహము గలవారు నేడు కానవచ్చుచున్నారు. వారిలో బాలికలును ఉన్నారు. ఆ బాలికలలో మా మేనకోడలు ఒకతె. ఆమె పొడవు ఐదడుగులకు లోపు, బరువు 46 కిలోలు. పలకపై లేచి నిలుచుట ఆమెకు అలవడినది. ఇపుడు ఆమె కోరిక, ఆ పలకపై అడుగులు వేసికొనుచు ముందుకు నడచిపోయి, దాని కొనయందు నిలువవలెనని. ఈ కోరికకు తగిన పలక యేది యని అడిగినపుడు ఆమెకు దొరకిన సమాధానములు రెండు; ఆ రెండును సరియైనవి కావని నా దృఢాభిప్రాయము.

మొదటిది, మనిషి పొట్టి గనుక పలకయు పొట్టిదే కావలెనను సమాధానము. రెండవది, నేర్చుకొనువారికి పలక ఎంతగా తేలిన అంత మేలు గనుక, శిక్షణశాలలో నున్న పలకలన్నిటిలో దొడ్డదానిని, దళసరిదానిని ఏఱి ఇయ్యవలెననునది. మొదటిదానిని అనుసరించినచో పలకకొనను చేరుటయే అసాధ్యమగును. రెండవదానిని అనుసరించినచో పలక మనిషి స్వాధీనమునకు రాదు. పలక పొడవును అలనుబట్టి నిర్ణయింపవలెననియు, వెడల్పును, మందమును, బరువును మాత్రము మనిషినిబట్టి నిర్ణయింపవలెననియు నేను చెప్పుచున్నాను. ఈ రెంటిని వేఱుచేసి చూడక, పెద్ద పలక, చిన్న పలక యని ఒక్కమాటతో తేల్చివేయుట వలననే ఇంత తికమక కలుగుచున్నది.

లాంగుబోర్డని వ్యవహరింపబడు నిడుపు పలక సాధారణముగా 9 అడుగులును, అంతకు మించియు ఉండును. దానిపై నిలిచినవారు పాదములను ఈడ్చుకొనక, ఒక కాలిని మఱియొక కాలికి అడ్డముగా దాటించుచు ముందుకు నడచి, పలకముక్కున నిలుచుటకు నోజ్‌రైడింగని పేరు. ఒక పాదపు వ్రేళ్ళైదును అంచును దాటి నిలిచినచో అది హ్యాంగ్ ఫైవ్. రెండు పాదముల వ్రేళ్ళు పదియును దాటినచో హ్యాంగ్ టెన్. 1965లో కాలిఫోర్నియాలోని వెంచురాయందు టామ్ మోరీ యనునతడు దీనికొఱకే ఒక పోటీ నడిపి, పలకల ముందరి నాల్గవవంతును గుర్తించి, దానిపై ఎవరు ఎన్ని క్షణములు నిలిచిరో గడియారముతో కొలిపించెను. చూచువారికి ఈ విద్య అసంభవముగా తోచును. తొమ్మిదడుగుల పలకకు ఒక కొసయందు మనిషి నిలుచుండగా ఆ కొస నీట మునుగకుండుట ఎట్లు? దీనికి ముఖ్యకారణము తోకయందున్నది. అల విఱిగి దొరలుచుండు చోట పలకతోక ఆ దొరలు నీటిలో చిక్కుకొనియుండును. పైనుండి పడు నీరు దానిని అణచి పట్టును. గుండ్రని అంచులను చుట్టి, పైకి వంగిన తోకక్రిందుగా పాఱు నీరు దానిని క్రిందికి లాగును. ఈ రెండు బలములును ముందు నిలిచిన మనిషి బరువునకు ప్రతిభారమగును. పలకముక్కు అడుగున చెక్కిన పల్లపు గుంటయు నీటిని ఒత్తి కొంత ఎత్తునిచ్చును. కాని తోక పట్టు వీడిన మఱుక్షణమున ఆ గుంట యెంత లోతైనదైనను కాపాడజాలదు.

పలక పొడవుగా నున్నపుడే ముక్కున నిలిచినవారికి వెనుక, అలలో నాటుకొని యుండుటకు చాలినంత భాగము మిగులును. పొట్టి పలకపై ముందుకు నడచినచో తోక అలనుండి వెలికి వచ్చును, ముక్కు నీట గ్రుచ్చుకొనును. ఐదడుగుల బాలిక చేతికి ఏడడుగుల పలకనిచ్చి కొనకు నడువుమన్నచో, ఆమె రెండడుగులు వేయునంతలో నడక ముగిసి మునక ఆరంభమగును. కావున పొడవును 9 అడుగులకు తగ్గనీయరాదు. 9 అడుగుల 4 అంగుళములవఱకు ఉండనీయవచ్చును. స్థూలకాయులైన పురుషులు కోరు తొమ్మిదిన్నర, పదడుగుల పలకలు ఆమెకు అక్కఱలేదు. ఏలయన తేలికయైన దేహమునకు స్వల్పమైన ప్రతిభారము చాలును.

మందము సంగతి ఇంతకంటెను ముఖ్యము. దీనిని ఉపేక్షించుటయు ఎక్కువ. తేలిక మనిషి దళసరి పలకపై నిలిచినపుడు ఆ పలక నీటిలోనికి దిగక, నీటిపైననే ఆడుచుండును. అంచు అలగోడను పట్టదు, తోక నాటుకొనదు, త్రిప్పబోయిన తిరుగదు. తొలి పాఠములకు శాలలవారు ఇచ్చు మెత్తని ఫోము పలకలను నేను నిందింపను. పడినవారికి అవి గట్టి దెబ్బ తగులనీయవు, లేచి నిలుచుటకు కావలసిన స్థైర్యమును ఇచ్చును. కాని నడక నేర్వవలసిన దశ వచ్చిన పిమ్మట, 3 అంగుళములకు మించిన మందము గల పలకపై 46 కిలోల పిల్ల నెలల తరబడి శ్రమించినను తోకను అలలో నాటలేదు. నాటలేక, ఆ లోపము తనదే యనుకొని, తనకు బలము లేదనియో, ధైర్యము లేదనియో, ఈ విద్య తనవంటివారికి కాదనియో తీర్మానించుకొని విరమించును. పిల్లల మనస్సులలో ఇట్టి తీర్మానము ఒకసారి కుదురుకొన్న తరువాత దానిని పెఱికివేయుట ఎంత కష్టమో పెంచినవారికి తెలియును. అందుచేతనే ఈ అంగుళముల లెక్కను నేను ఇంత పట్టుదలతో చెప్పుచున్నాను.

ఆమెకు తగిన మందము ఇంచుమించు రెండున్నర అంగుళములు; అది రెండుంబావునకు లోపుగాక, రెండు ముప్పాతిక దాటక యుండవలెను. అంచులు మెత్తగా, గుండ్రముగా, కొంచెము పలుచగా నుండవలెను. నడుమ వెడల్పు 22 అంగుళములు చాలును. అంతకు మించినచో పరుండి చేతులతో నీటిని త్రోయునపుడు, పొట్టి చేతులు పలకను చుట్టివచ్చి నీటిని లోతుగా అందుకొనలేవు, భుజములు అంచులకు ఒరసికొనును. నడుమ సన్నగిల్లినను ముక్కు సన్నగిల్లరాదు. కొననుండి ఒక అడుగు వెనుకకు కొలిచినపుడు 18 అంగుళములకు అటునిటుగా వెడల్పుండవలెను, ఆమె పాదములు నిలువవలసినది అచటనే గనుక. తోక పైకి వంగియుండవలెను గాని, ఆ వంపు మితిమీరినచో పలక నీటిని ఈడ్చుకొని పోయి, అలను అందుకొనుటయే దుష్కరమగును. ఈ కొలతలతో చేసిన పలక ఘనపరిమాణము ఇంచుమించు 60 లీటర్లగును.

బరువైన పలక వేగమును నిలుపుకొనునని ప్రాచీనపద్ధతి నభిమానించువారు వాదింతురు. ఆ వాదమున సత్యము లేకపోలేదు. అయినను 10 కిలోల పలక 46 కిలోల మనిషి బరువులో అయిదవవంతునకు మించును. దానిని ఎండకు కాలుచున్న ఇసుకలో మోసికొని పోవుట, విఱుగు అలలనుండి తప్పించి లోనికి చేర్చుట, చేయి జాఱినపుడు ఇరుగుపొరుగువారికి తగులకుండ ఆపుట, ఇవన్నియు ఆమెయే చేయవలెను గదా. చంకలో పట్టని పలకను మన స్త్రీలు నీటిబిందెను ఎత్తినట్లు తలపై పెట్టుకొని నడచుటయు కలదు; కాని కడలిగాలికి అది గిఱ్ఱున తిరిగి మెడను నొప్పించును. మధ్యమమైన బరువే ఆమెకు మేలు.

చిన్న దేహమునకై పలకను సవరించుట ఈ విద్యకు కలిగిన లోపము కాదు. ఇందుకు చరిత్రయే సాక్షి. 1947లో కాలిఫోర్నియాయందలి మాలిబు తీరమునకు సంబంధించిన జో క్విగ్ అను పలకల శిల్పి, డారిలిన్ జానక్ అను యువతికై ఒక పలకను చెక్కెను. ఆ కాలపు పలకలలో పెక్కింటిని పురుషులే ప్రయాసతో మోయవలసియుండెను. క్విగ్ పొడవును తెగ్గోయలేదు. ఆ పలక పదడుగులకు పైబడియే యుండెను. తేలికయైన బాల్సా కొయ్యను ఎక్కువగా వాడి, పైన ఫైబర్‌గ్లాసు పూత వేసి, బరువును తగ్గించెను. ఆడుదాని పలక యని మొదట చూచిన పురుషులే దానిని అరువు తీసికొని నడిపి, తమ పలకలకంటె అది సులభముగా తిరుగుచున్నదని గ్రహించి, తమకును అట్టివే కావలెనని కోరిరి. మాలిబు పలక యని తరువాత లోకప్రసిద్ధమైన రూపమునకు మూలమైనవానిలో ఇదియొకటి. ఒక యువతి చేతులకు, భుజములకు తగునట్లు చేసిన సవరణ అందఱికిని ఉపకరించినదన్నమాట. అదే తీరమున 1956లో పదునైదేండ్ల కాథీ కోనర్ అను పొట్టి బాలిక సర్ఫింగు నేర్చెను. ఆమె ముచ్చట్లు విని తండ్రి 1957లో వ్రాసిన నవల, 1959లో చలనచిత్రమై, సహస్రాధికముగా యువజనులను ఆ దేశపు కడలివైపునకు నడిపించెను.

మన తీరమునకును ఇది క్రొత్త విచారము కాదు. విశాఖ జాలరులు దుంగలను త్రాళ్ళతో కట్టి చేసికొనిన తెప్పలు, ఒక్కడు నడుపునది చిన్నదిగా, నలుగురు నడుపునది పెద్దదిగా ఉండెడివి. మోయువారు, నడుపువారు ఎందఱో చూచి దుంగలను ఏఱి కట్టిన ఆ శిల్పులకు, అందఱికిని ఒకటే కొలత యను ఊహయే తోచియుండదు. కర్మాగారములందు ఒకే అచ్చున పోసిన వస్తువులు వచ్చిన పిదప మనము ఆ వివేకమును జాఱవిడిచితిమి. మన పల్లెలలో ఒక తరము బాలబాలికలు తండ్రుల సైకిళ్ళను, నడుమ కడ్డీ క్రిందుగా కాలు దూర్చి, దేహమును ఒక ప్రక్కకు వంచి త్రొక్కి నేర్చుకొనిరి. నేర్చుకొనిరి గదా యని ఆ సైకిలు వారికి తగినదని ఎవరును అనజాలరు.

పొట్టి పలకయే ఉన్నతవిద్యకు చిహ్నమను భ్రమ యొకటి ప్రబలి యున్నది. 1960ల చివర పలకల పొడవు హఠాత్తుగా తగ్గినది. టోక్యో ఒలింపిక్సుతో 2021లో ఆ మహాక్రీడలయందు ప్రవేశించిన సర్ఫింగును పొట్టి పలకలపైననే ఆడిరి. అందుచే నిడుపు పలక తొలిమెట్టు మాత్రమే యనియు, దానిని విడిచినవారే ముందుకు పోయినట్లనియు మన కుఱ్ఱవాండ్రు తలచుచున్నారు. నిడుపు పలకపై నడక స్వతంత్రమైన కళ. దానికి ప్రత్యేకమైన సాధన, ప్రత్యేకమైన సౌందర్యము కలవు. బంగాళాఖాతపు చిన్న అలలకు, ముఖ్యముగా గాలి నెమ్మదించిన దినములందలి నడుమెత్తు తరంగములకు, పొట్టి పలకకంటె నిడుపు పలకయే అనుకూలము.

నీటిలో దిగియుండు రెక్క యగు ఫిన్ను మాటను క్లుప్తముగా చెప్పెదను. పలకక్రింద తోకవైపున ఒకటే ఫిన్ను, నిటారుగా, వెడల్పుగా నున్నది కావలెను. బరువైనవారు 10 అంగుళముల దానిని వాడుదురు. మా మేనకోడలికి 9 అంగుళములు చాలును, అంతకు మించినచో త్రిప్పుటకు కాలిబలము సరిపడదు. దానిని వెనుకకు జరిపి బిగించిన స్థిరత్వము హెచ్చును. ముందుకు జరిపిన తిరుగుట సులభమగును. పలకను మనిషికి కట్టు త్రాడు చీలమండకు గాక మోకాలి క్రింద కట్టుకొనినచో నడచునపుడు పాదములకు చుట్టుకొనదు. మైనము ఉష్ణదేశములకని చేసినది కావలెను. చలిసీమల మైనము మన ఎండకు కఱగి జాఱును.

ఋషికొండయందలి అలలు ఇసుకగట్టులపై విఱుగునవి. ఒక్కొక్కపుడు ఒడ్డు చెంతనే ఒక్కుమ్మడిగా కూలును. అట్టి అలలపై నోజ్‌రైడింగు సాధ్యము కాదు. ఒకవైపునుండి మఱియొకవైపునకు క్రమముగా విఱుగుచు సాగు అల దొరకవలెను. తెల్లవారుజామున భూమినుండి కడలివైపునకు వీచు గాలి అలల ముఖమును నునుపుచేయును గనుక, నడక నేర్చుటకు ఆ వేళయే ప్రశస్తము. ఈతరాని వారు, లోనికి లాగు ప్రవాహమును గుర్తింపలేనివారు ఏ పలకతోనైనను అచట దిగరాదు. విశాఖ తీరమున ఎందఱో ప్రాణములు కోల్పోయినారు.

ఇక నా విన్నపము శిక్షణశాలలవారికిని, పర్యాటకశాఖవారికిని. కర్ణాటకతీరమున కోడి బెంగ్రెలో 2007లో వెలసిన శాకా సర్ఫ్ క్లబ్బును నెలకొల్పిన వారిలో ఇషితా మాళవీయ ఒకరు. మన దేశమున ఈ విద్యకు స్త్రీలు దూరముగా లేరనుటకు ఆమెయే నిదర్శనము. మన తెలుగుతీరమునకును బాలికలు వచ్చుచున్నారు, బాలురలో బక్కపలుచని వారును వచ్చుచున్నారు. క్రొత్త పలకలను తెప్పించునపుడు, పదింటిలో రెండైనను 9 అడుగులకు తగ్గని పొడవును, రెండు ముప్పాతిక అంగుళములకు మించని మందమును గలవిగా తెప్పింపుడు. ప్రతి పలకపై దాని పొడవు, వెడల్పు, మందము, లీటర్లు తెలుగున స్పష్టముగా వ్రాయింపుడు. అద్దెకిచ్చునపుడు మనిషి బరువును అడిగి, అందులకు తగినదానిని ఇండు. మా మేనకోడలి వంటివారు రాత్రియంతయు బస్సులో ప్రయాణముచేసి ఉదయమునకు ఋషికొండ చేరుదురు. వారికి రెండు మూడు గంటల అలలే దక్కును. ఆ కాసేపు తగని పలకతో పెనుగులాడుటకే చెల్లిపోరాదు.